కుండలో ఏమున్నదో చెప్పుకొందము
(ఆందోళనకు వాడు మూలికలను గూర్చి సంఘ స్త్రీల, యౌవనస్థుల సంయుక్త కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నేను ఎన్నుకొన్న అంశము కొందరికి వింతగా తోచవచ్చును. పాస్టరు వాక్యము చెప్పవలెను గాని వేర్లను, పొడులను గూర్చి మాట్లాడనేల అని మీరు అనుకోవచ్చును. నేను వైద్యుడను కాను. వేదాంత కళాశాలలో నాకు నేర్పినది వాక్యము, సంఘ చరిత్ర; మందుల శాస్త్రము నేర్పలేదు. అయినను గృహదర్శనములకు పోయినప్పుడు నేను చూస్తున్నదేమనగా, మన ఇండ్లలో బైబిలు పెట్టుకొను గూటిలోనే ఒక డబ్బా ఉంటున్నది. కొన్ని ఇండ్లలో అశ్వగంధ, కొన్నింట సరస్వతి ఆకు చూర్ణము, కొన్నింట జటామాంసి, మరికొన్నింట అమెరికాలోని పిల్లలు పంపిన సీసాలు. "ఇదేమమ్మా?" అని అడిగితే, "ఏమీ లేదు అయ్యగారూ, రాత్రిపూట నిద్రకు" అని దానిని చీరకొంగు చాటుకు లాగుకొంటారు. ఆ దాచుకొనుటను గూర్చియే నేను ముఖ్యముగా మాట్లాడదలచినాను.

ఇతరుల డబ్బాల సంగతి చెప్పుటకు ముందు నా డబ్బా సంగతి చెప్పుట న్యాయము.

2021వ సంవత్సరము ఏప్రిల్, మే నెలలు మీకు జ్ఞాపకమున్నవి. సమాధుల తోటకు పోయి వచ్చి, స్నానము చేసి, అన్నము ముందు కూర్చుంటే మరల ఫోను మోగేది. కుటుంబము వారు దగ్గరకు రాకూడని దినములవి. దూరముగా నిలిచి నాలుగు మాటల ప్రార్థన చేసి వచ్చేవాడిని. ఆ కాలము గడిచిన తరువాత కూడ రాత్రి ఫోను మోగితే నా గుండె దడదడలాడేది. మోగకపోయినను మోగినట్లు లేచి కూర్చునేవాడిని. అది చూచి మన సంఘస్థుడొకాయన ప్రేమతో అశ్వగంధ చూర్ణము తెచ్చి ఇచ్చినాడు. రాత్రి వేడిపాలలో ఒక చెంచా కలుపుకొని త్రాగమన్నాడు. త్రాగినాను. మొదటి వారములలో మంచి నిద్ర పట్టినది.

అయితే నాకు అప్పటికే కొన్ని సంవత్సరములుగా థైరాయిడ్ మాత్ర ఉన్నది. రెండు నెలలు గడిచేసరికి చేతులు వణకసాగినవి, నాడి పరుగెత్తసాగినది, బరువు తగ్గినది, వచ్చిన నిద్ర మరల పోయినది. అప్పుడు నేను చేసిన బుద్ధిమంతుని పని ఏమనగా, ఒక చెంచాను రెండు చెంచాలు చేసినాను! డాక్టరమ్మ రక్తపరీక్ష చూచి, "ఈ మాత్ర కాక ఇంకేమైనా వాడుతున్నారా అయ్యగారూ?" అని అడిగినది. "లేదమ్మా" అన్నాను.

ఎందుకు అట్లా అన్నానో అప్పుడే నాకు తెలుసును. ప్రతి ఆదివారము ధైర్యముగా ఉండుడని సంఘమునకు బోధించువాడు భయమునకు పొడి తింటున్నాడని నలుగురికి తెలిస్తే ఏమగును? ఆమె పాపము తికమకపడి మాత్ర తగ్గించి, మరల పరీక్షలు వ్రాసినది. రెండవసారి పోయినప్పుడు మా ఇంటామె ఏమీ మాట్లాడక తన సంచిలోనుండి డబ్బా తీసి బల్లమీద పెట్టినది. డాక్టరమ్మ దానిని చూచి, "ఇది కొందరిలో థైరాయిడ్ హార్మోనును పెంచుతుంది. ముందే చెప్పియుంటే ఇన్ని పరీక్షలు లేకపోవును గదా" అన్నది. పొడి మానినాను. కొన్ని వారములకు రక్తము చక్కబడినది. సిగ్గు తగ్గుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టినది.

రాజుల రెండవ గ్రంథము నాల్గవ అధ్యాయములోని ఒక సంగతి అప్పటినుండి నాకు క్రొత్తగా అర్థమైనది. గిల్గాలులో కరవు. మన సీమవారికి కరవును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రవక్తల శిష్యులలో ఒకడు కూరాకులకని పొలములోనికి పోయి, అవి ఏమి కాయలో తెలియకయే ఒడినిండ కోసుకొని వచ్చి వంట కుండలో తరిగి వేసినాడు. అవి దేవుడు చేసిన భూమిలో మొలిచిన కాయలే. ఎవరును విషము కలపలేదు. అయినను తిన్నవారికి ప్రాణము మీదికి వచ్చినది. వారిని కాపాడినదేమి? మొదట, వారు నోరు తెరచి కేకవేసినారు. ప్రవక్తల శిష్యులమైయుండి మాకేమి అని మర్యాదకు మింగి ఊరకుండలేదు. రెండవది, ఎలీషా వారిని గద్దించలేదు. పిండి తెప్పించి కుండలో వేయించి, కుండను బాగుచేసి, తరువాత అందరికి వడ్డించినాడు. దైవజనుని ఇంటిలోనే పొరపాటు జరిగినది. దానిని చెప్పుకొన్నందువలన అందరు బ్రతికినారు.

ఇప్పుడు మన కుండలో ఏమున్నదో చూతము.

అశ్వగంధకు తెలుగులో పెన్నేరు గడ్డ అని పేరు. మన పెన్నా నదికిని పెన్నేరనియే పేరు గదా. ఈ గడ్డ కూడ మన నేలకు క్రొత్తది కాదు. కర్నూలు, అనంతపురము ప్రాంతముల మెట్ట రైతులు దీనిని వర్షాధారముగా పండిస్తున్నారు. అయిదారు నెలల పంట. వేరు త్రవ్వి, ఎండబెట్టి, లావు సన్నములను బట్టి ఏరి అమ్ముతారు. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ దీనికి పెద్ద మార్కెట్టు. పచ్చి వేరుకు గుర్రపు వాసన ఉంటుందని సంస్కృతములో అశ్వగంధ అన్నారు.

ఇది పనిచేయునా? కొంతవరకు చేస్తున్నదనుటకు ఆధారములు కలవు. హైదరాబాదులోని ఆశా హాస్పిటల్ వైద్యులు ఇటువంటి పరీక్షనొకదానిని జరిపి 2012లో ప్రకటించినారు. బహుకాలముగా మనస్సు ఒత్తిడితో బాధపడుచున్న 64 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు పెన్నేరు వేరు సారము 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుమార్లు, రెండవ గుంపునకు అదేవిధముగా కనబడు మందులేని గొట్టములు 60 దినములు ఇచ్చినారు. సారము తీసికొన్నవారిలో ఒత్తిడి ఎక్కువగా తగ్గినది. తరువాత జరిగిన మరికొన్ని పరీక్షలలోను ఆందోళన కొంత తగ్గినట్లు, నిద్ర కొంత మెరుగైనట్లు కనబడినది.

అయితే నాలుగు సంగతులు గుర్తుంచుకోవలెను. ఈ పరీక్షలలో పాల్గొన్నవారు కొద్దిమంది. పరీక్షలు జరిగినది రెండు మూడు నెలలే. సంవత్సరముల తరబడి తింటే ఏమగునో వాటివలన తెలియదు. కొన్నింటికి ఆ సారమును తయారుచేయు కంపెనీలే డబ్బు పెట్టినవి. నాల్గవది, వాటిలో ఇచ్చినది కొలతగా తీసిన సారము. మనము చెంచాతో వేసుకొను పొడి వేరు, ఆ సారము వేరు. ఒకదాని ఫలితము రెండవదానికి అట్లే వర్తించదు.

ఇక అపాయము మాట. చాలమందికి కడుపులో వికారము, విరేచనములు, మత్తు తప్ప పెద్ద బాధ కలుగదు. కాని అరుదుగా కాలేయము దెబ్బతింటున్నది. ఐస్‌లాండు, అమెరికా దేశముల వైద్యులు అశ్వగంధ వాడిన తరువాత కామెర్లు వచ్చిన అయిదుగురిని గూర్చి 2020లో వ్రాసినారు. పొడి మానిన కొన్ని నెలలకు వారిలో నలుగురు కోలుకొన్నారు. 2023లో మన కేరళ వైద్యులును ఇటువంటి రోగులను గూర్చి వ్రాసి, అంతకుముందే కాలేయము చెడియున్నవారికి ఇది ప్రాణాంతకము కావచ్చునని హెచ్చరించినారు. అదే సంవత్సరము డెన్మార్కు దేశము అశ్వగంధను నిషేధించినది. మన ఆయుష్ మంత్రిత్వ శాఖ దీని భద్రతను సమర్థించుచున్నది. పండితులు వాదించుకొనునప్పుడు మన పని జాగ్రత్తపడుట. ఇక్కడ మన పల్లెలలో ఒక చిక్కు ఉన్నది. కండ్లు పచ్చబడితే మనవారు డాక్టరు దగ్గరకు పోరు. కామెర్లకు పసరు పోయించుకొనుటకు పోతారు. ఒక ఆకు చేసిన గాయమునకు మరియొక ఆకు! ఏ పొడి తినువారికైనను కండ్లు పచ్చబడినను, మూత్రము ముదురు రంగుకు తిరిగినను, ఒళ్ళంతా దురద పుట్టినను, ఆ దినమే పొడి ఆపి, డబ్బా చేతపట్టుకొని ఆసుపత్రికి పోవలెను.

"ఆకు గదా అయ్యగారూ, మేలు చేయకపోయినా కీడు చేయదు" అని పెద్దలు అంటారు. సర్పగంధ చరిత్ర దీనికి జవాబు చెప్పుచున్నది. పిచ్చికి, నిద్రలేమికి మన దేశములో తరతరములుగా వాడిన వేరది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనువారు దానిని గూర్చి వైద్య పత్రికలో వ్రాసినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ అది రక్తపుపోటును తగ్గించుచున్నదని లోకమునకు చాటినాడు. 1952లో స్విట్జర్లాండువారు దానినుండి రిసర్పిన్ అను మందును వేరుచేసినారు. ఆ కాలములో ఎందరికో అది మేలు చేసినది. అయితే దానిని వాడినవారిలో కొందరు లోతైన మనోవ్యాకులతలో పడుచున్నట్లు వైద్యులు గమనించినారు. అంతకంటె మేలైన మందులు వచ్చిన తరువాత దాని వాడకము బాగా తగ్గిపోయినది. బలమున్న వేరునకు కీడు చేయు బలము కూడ ఉండును. బొత్తిగా కీడు చేయలేని వేరు మేలు కూడ ఏపాటి చేయును?

జటామాంసి మాట వింటే మనకు బేతనియ ఇల్లు జ్ఞాపకము వచ్చును. ప్రభువును అభిషేకించిన ఆ విలువగల అత్తరునకు మన తెలుగు బైబిలులో ఉన్న పేరు అదే. అది హిమాలయ పర్వతముల ఎత్తులలో పెరుగు చిన్న మొక్క. ఆ దినములలోనే ఎంతో దూరము ప్రయాణము చేసి పోయిన వస్తువది. ఇప్పుడు విచ్చలవిడిగా త్రవ్వుట వలన అంతరించిపోవు స్థితిలో ఉన్నది. అరుదైనది, ఖరీదైనది కనుక సంతలో చవకగా దొరికిన పొడిలో నిజమైన జటామాంసి ఎంత ఉన్నదో అనుమానింపవలసినదే. దానితో మనుష్యులమీద జరిగిన పరీక్షలును చాల కొద్ది.

అమెరికా, ఐరోపాలనుండి వచ్చు సీసాలలో సెయింట్ జాన్స్ వర్ట్ అనునది ఒకటి. బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ దినములలో పూస్తుందని దానికి ఆ పేరు. పేరు పరిశుద్ధునిదే; అయినను అది కాలేయమును తొందరపెట్టి ఇతర మందులను శరీరమునుండి త్వరగా వెళ్ళగొట్టును. స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో గుండె మార్పిడి జరిగిన ఇద్దరు రోగులు దీనిని వాడినందువలన, క్రొత్త గుండెను కాపాడు మందు బలము తగ్గి, వారి శరీరములు ఆ గుండెను త్రోసివేయసాగినవని అక్కడి వైద్యులు 2000లో ప్రకటించినారు. రక్తము గడ్డకట్టకుండ వాడు మందు, గర్భనిరోధక మాత్ర కూడ దీనివలన బలహీనపడును. కావా అనునది మరియొకటి. కాలేయమునకు హాని చేయుచున్నదని 2002లో జర్మనీ దానిని ఆపివేసినది. 2014లో న్యాయస్థానము ఆ ఆజ్ఞను కొట్టివేసినది గాని, కాలేయ వ్యాధి గలవారు దాని జోలికి పోకుండుటయే క్షేమము.

మూలికయే కాక దానిలో ఇంకేమి కలిసినదో కూడ చూడవలెను. అమెరికాలోని బోస్టను నగరములో అమ్ముచున్న 70 ఆయుర్వేద సరకులను పరీక్షించగా 14 వాటిలో సీసము, పాదరసము, పాషాణము దొరికినవని 2004లో వ్రాసినారు. అంత దూరము పోనేల? తుంగభద్ర దాటితే పాలమూరు. చెట్టునుండి దిగిన కల్లు అని నమ్మి అక్కడి కూలిజనము సంవత్సరముల తరబడి త్రాగినదానిలో నిద్రమాత్రల మందు, ఆల్ప్రజోలాము వంటిది, కలిసియుండెను. 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము కల్తీ కల్లును అణచినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాల ఆసుపత్రులు నిండిపోయినవి. వణకు, మూర్ఛ, మతి తప్పిన మాటలు! తాము మందుకు బానిసలమైనామని వారికే తెలియదు. నేను కల్లును సమర్థించుటకు ఇది చెప్పుటలేదు. పేరు లేని పొట్లములో "వారము దినములలో నిద్ర గ్యారంటీ" అని అమ్మువాని దగ్గర కొనునప్పుడు ఈ సంగతి తలంచుకొనుడి. మూలికలు అంత వేగముగా పనిచేయవు. వేగముగా పనిచేసినదంటే దానిలో వేరే ఏదో ఉన్నదేమోనని సందేహింపుడి.

ఇంకొక కుటుంబము సంగతి. ఒక తల్లి, బిడ్డ చదువు మందగించుచున్నదని భయపడి, కుమారునికి డాక్టరు వ్రాసిన మూర్ఛ మాత్రలు మాన్పించి సరస్వతి ఆకు చూర్ణము పట్టినది. వాడు పరీక్ష హాలులో పడిపోయినాడు. దేవుని కృపవలన తల బండకు తగులలేదు. ఆ తల్లిలో ప్రేమకు లోటు లేదు. కాని అడుగుటకు ఆమెకు ఒక మనిషి లేకపోయెను. పాస్టరునైన నన్ను కూడ ఆమె అడగలేకపోయినది. అడిగితే విశ్వాసము తక్కువని అంటానని భయపడినదట. ఆ మాట నన్ను నేటికిని పొడుచుచున్నది.

కాబట్టి ఇంటికి తీసికొనిపోవుటకు కొన్ని మాటలు చెప్పెదను.

మొదటిది, ఏ డాక్టరు దగ్గరకు పోయినను మీరు తినుచున్న ప్రతి పొడిని, లేహ్యమును, కషాయమును చెప్పుడి. పేరు గుర్తులేకపోతే డబ్బానే తీసికొనిపోవుడి. ఆపరేషనుకు ముందు తప్పక చెప్పుడి. 

రెండవది, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, థైరాయిడ్, కాలేయ వ్యాధులు గలవారు, చక్కెర వ్యాధికి, రక్తపుపోటుకు, నిద్రకు, మూర్ఛకు మందులు వాడువారు వైద్యుని అడుగకుండ అశ్వగంధను ముట్టకుండుడి. చక్కెరను, పోటును అది మరింత దించవచ్చును; నిద్రమందుతో కలిసి మత్తు పెంచవచ్చును. 

మూడవది, డాక్టరు వ్రాసిన మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. ముఖ్యముగా ఆందోళనకు, నిద్రకు ఇచ్చిన మాత్రలు ఒక్కసారిగా ఆపితే పాలమూరులో జరిగినదే మీ ఇంటిలో జరుగును.

నాల్గవది, కొనునప్పుడు అట్ట చదువుడి. ఆయుర్వేద మందైతే లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, తయారుచేసినవారి చిరునామా ఉండవలెను. ఆహార సప్లిమెంటు అని అమ్మేదైతే దానిమీద 14 అంకెల ఆహార భద్రతా సంస్థ నంబరు ఉండును. దానిమీదనే ఔషధముగా వాడుటకు కాదని ఇంగ్లీషులో అచ్చువేసి ఉండును. మనవారు మందని కొనుచున్నదానిమీద మందు కాదని వ్రాసియున్నది! పిల్లలచేత చదివించుకొనుడి. 

అయిదవది, వైద్యుడు సరే అన్నను మూడు నెలలు దాటనీయవద్దు. అప్పటికిని కలత తగ్గనియెడల ఇంకొక డబ్బా కొనుట మాని, మనోవైద్యుని చూడుడి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోను, కడప రిమ్స్‌లోను ఆ విభాగములు ఉన్నవి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు, అనగా 14416 నంబరుకు, ఏ వేళనైనను డబ్బు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. చచ్చిపోవలెనను తలంపు ఎవరికైనను వచ్చినయెడల ఆ రాత్రి పొడికి గాని, ఉదయపు ప్రార్థన కూటమునకు గాని ఆగవద్దు. వెంటనే ఒక మనిషిని పిలువుడి. నన్ను పిలువుడి. ఇప్పుడు నా ఫోను రాత్రి మోగినను నేను భయపడను.

మందు తినుట అవిశ్వాసము కాదా అని యౌవనస్థులు అడుగుచున్నారు. హిజ్కియా పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించినవాడు యెషయా ప్రవక్తయే. లూకా వైద్యుడు. మన పితరులకు సువార్త తెచ్చిన లండన్ మిషనువారు జమ్మలమడుగులో ఆసుపత్రి కూడ నెలకొల్పినారు; డాక్టరు క్యాంబెల్ గారి పేరు దానికి నేటికిని ఉన్నది. ప్రార్థనకును మందుకును వైరము పెట్టినది వారు కారు. ఏలీయా చెట్టుక్రింద పడుకొని ఇక చాలు, చచ్చెదనని అన్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, మరల నిద్రపోనిచ్చినాడు.

అయితే సీమలో మన కలతకు వేరు ఎక్కడ ఉన్నదో కూడ చూడవలెను. బోరు ఎండినవాని గుండె దడకు పెన్నేరు పొడి ఏమి చేయును? అప్పులవాడు గడప దగ్గర కూర్చున్నప్పుడు, భార్య కువైటులో ఉండి మూడు వారములుగా ఫోను లేనప్పుడు, కుమార్తె పెండ్లి బాకీ మిత్తి పెరుగుచున్నప్పుడు, నిద్ర పట్టకపోవుట రోగమని మాత్రమే ఎట్లు అనగలము? పొడి వలన కొంత నిద్ర వచ్చినను తెల్లవారితే బాకీ అక్కడనే ఉండును. దానికి సంఘము కావలెను. లెక్కలు చూచి సలహా చెప్పగల పెద్ద కావలెను, బ్యాంకుకు తోడు పోగల యౌవనుడు కావలెను, ప్రక్కన కూర్చుండి వినగల ఒక సహోదరి కావలెను. మన మేత్రాసనమునకు గుడి సున్నముతోపాటు ఈ పని కూడ ఉన్నది.

నా డబ్బా మీ ముందు పెట్టినాను. మీ డబ్బాలు నా ముందు పెట్టుటకు ఇక సిగ్గుపడకుడి. నేను గద్దించను. కలిసి చదువుదము, తెలియనిది డాక్టరును అడుగుదము. కుండలో ఏమున్నదో చెప్పుకొన్న ఇంటిలో అందరికి వడ్డించుటకు అన్నము మిగులును.

దేవుడు మీ నిద్రను, మీ మెలకువను ఆశీర్వదించును గాక. ఆమేన్.